మెదడులో క్యాన్సర్ కణం ఏం తిని బతుకుతుంది?



రొమ్ము క్యాన్సర్‌లో హెర్ 2 పాజిటివ్ అని ఒక రకం ఉంది. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 15 నుంచి 20 దాకా ఈ రకానివే. ఒకప్పుడు డాక్టర్లను బాగా భయపెట్టిన రకం. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అనుమతి వచ్చాక దీని జాతకం మారింది. రొమ్ములో గడ్డ కరుగుతుంది. కాలేయంలో మచ్చలు తగ్గుతాయి. ఊపిరితిత్తుల స్కాను బాగుందని చెబుతారు. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకుంటారు. అంతలో ఒకరోజు ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి, లేదా చేతిలో గ్లాసు జారిపోతుంది. ఎమ్మారై తీస్తే మెదడులో గడ్డలు కనిపిస్తాయి. మెడకు కిందంతా అదుపులో ఉన్న జబ్బు తలలో మాత్రం పెరుగుతోంది. ఈ రకం క్యాన్సర్ ముదిరి ఒంట్లో వేరే చోట్లకు పాకినవాళ్లలో మూడోవంతు నుంచి దాదాపు సగం మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు ఈ దశకు వస్తున్నారు.

ఎందుకిలా అని అడిగితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: మందు మెదడులోకి వెళ్లదు. అది నిజమే. 1885లో జర్మనీలో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. ఒంట్లో అవయవాలన్నిటికీ రంగు పట్టింది గాని మెదడుకు పట్టలేదు. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మాన్ రంగును నేరుగా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకు పట్టింది, మిగతా ఒంటికి పట్టలేదు. రక్తానికీ మెదడుకూ నడుమ ఒక అడ్డు ఉందని అలా తెలిసింది. మెదడు రక్తనాళాల లోపలి గోడలో కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. రక్తంలో తిరిగే ప్రతిదాన్నీ అవి లోపలికి రానివ్వవు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో అక్కడ పుట్టిన మందు మెథోట్రెక్సేట్. దాన్ని కూడా మెదడు పొరల్లోకి చేరిన క్యాన్సర్ మీద వాడాలంటే చాలాసార్లు నడుములో సూది గుచ్చి వెన్నునీటిలోకి ఎక్కించాల్సి వస్తుంది. ట్రాస్టుజుమాబ్ అయితే మరీ పెద్ద అణువు, అది అడ్డు దాటి వెళ్లేది చాలా తక్కువ.

అయితే ఈ జవాబు సగమే. 2020లో టుకాటినిబ్ అనే చిన్న అణువు మందు వచ్చింది. అది మెదడులోకి వెళ్తుంది, మెదడుకు పాకినవాళ్ల ఆయుష్షు పెంచుతుంది కూడా. కొన్నాళ్లకు దానికి కూడా లొంగని గడ్డలు మళ్లీ లేస్తున్నాయి. అంటే అడ్డు ఒక్కటే కారణం కాదు. మెదడులో చేరిన క్యాన్సర్ కణం రొమ్ములో బతికినట్టు అక్కడ బతకడం లేదు. దాని తిండి మారింది. ఈ తిండి సంగతిలో అన్నిటికంటే ముఖ్యమైనది కొవ్వు. ఇవాళ్టి మన మాట దాని గురించే.

1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది స్త్రీల వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. క్యాన్సర్ రక్తంలో కొట్టుకుపోయి ఎక్కడ పడితే అక్కడ ఆగుతుందంటే, రక్తం బాగా అందే అవయవాలన్నిటిలో సమానంగా కనిపించాలి కదా. అలా కనిపించలేదు. కాలేయంలో విపరీతంగా ఉంది, ప్లీహంలో ఎక్కడో ఒకటీ అరా. విత్తనాలు గాలికి నాలుగు దిక్కులకూ పోతాయి, తగిన నేల దొరికిన చోటే మొలుస్తాయి అని ఆయన తేల్చాడు. తర్వాత కొన్ని దశాబ్దాలు ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రక్తనాళాల అమరికే అంతా నిర్ణయిస్తుందని అమెరికన్ పాథాలజిస్టు జేమ్స్ ఎవింగ్ వాదించాడు. ఆయన మాటకు బరువు ఎక్కువ. చివరికి 1980లో ఐసయా ఫిడ్లర్, ఇయాన్ హార్ట్ ఎలుకల ఒంట్లో ఊపిరితిత్తి ముక్క, అండాశయం ముక్క, మూత్రపిండం ముక్క అతికించి, వాటి రక్తంలోకి మెలనోమా కణాలు వదిలారు. మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. కణాలు మూడు ముక్కల్లోకీ చేరాయి. గడ్డలు మాత్రం మొదటి రెంటిలోనే పెరిగాయి. మూత్రపిండం ముక్కలో పెరగలేదు. పేజెట్ మాట నిలబడింది.

మరి మెదడు ఎలాంటి నేల? పైకి చూస్తే కొవ్వుకు కొదవలేని చోటు. నీటిని తీసేసి తూచితే మెదడులో సగానికి పైగా కొవ్వు పదార్థమే. ఒంటి బరువులో మెదడు 2 శాతం, కానీ ఒంట్లో ఉన్న కొలెస్టరాల్‌లో అయిదో వంతుకు తక్కువ కాకుండా అక్కడే ఉంది. నరాల తంతువుల మీద ఉండే మైలిన్ తొడుగులు చాలామటుకు కొవ్వే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ కొవ్వు అంతా కట్టడంలో ఇమిడిపోయింది. ఎవరికి కావలిస్తే వాళ్లు తీసుకోవడానికి వీలుగా లేదు. మనం తిన్న కొవ్వు, కాలేయం తయారుచేసిన కొవ్వు ప్రోటీన్లతో కలిసి మూటలుగా రక్తంలో తిరుగుతుంది. డాక్టరు రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ అని రాసేది ఆ మూటల్లో ఒక రకమే. కాలేయంలో ఉన్న కణానికో ఎముక మజ్జలో ఉన్న కణానికో ఆ మూటలు గుమ్మం ముందే దొరుకుతాయి. మెదడులోకి మాత్రం అవి రావు. మెదడు తనకు కావలసిన కొలెస్టరాల్‌ను తానే తయారుచేసుకుంటుంది. చేపల్లో ఉండే డీహెచ్‌ఏ వంటి కొన్ని కొవ్వు ఆమ్లాలకు మాత్రం ప్రత్యేకమైన దారి ఉంది. దాన్ని లోపలికి చేరవేసే ప్రోటీన్ పేరు ఎమ్‌ఎఫ్‌ఎస్‌డీ2ఏ. 2014లో సింగపూర్‌లో డేవిడ్ సిల్వర్ బృందం ఈ రవాణా సంగతి చెప్పింది. అదే ఏడాది హార్వర్డ్‌లో చెంగ్‌హువా గు బృందం, ఆ అడ్డు సరిగ్గా ఏర్పడాలన్నా ఇదే ప్రోటీన్ ఉండాలని చూపింది. ఒకే ప్రోటీన్ అటు అడ్డునూ నిలబెడుతోంది, ఇటు కొవ్వునూ మోస్తోంది. 2018లో అమెరికా పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. మెదడుకు పాకిన గడ్డలున్న చోట రక్తనాళాల్లో ఈ ప్రోటీన్ పడిపోతోంది. అడ్డు బీటలువారుతోంది, దాంతోపాటే కొవ్వు వచ్చే దారీ మూసుకుపోతోంది. వచ్చి చేరిన గడ్డ తన చుట్టూ కొవ్వు కరువును తానే పెంచుకుంటోందన్నమాట.

కణానికి కొవ్వుతో అంత పనేమిటంటారా? ఒక కణం రెండు కావాలంటే దాని చుట్టూ ఉండే పొర రెండింతలు కావాలి. లోపల ఉన్న పొరలు కూడా. ఆ పొరలన్నీ కొవ్వుతో కట్టినవే. మామూలు కణాలు చాలామటుకు రక్తంలో వచ్చే కొవ్వుతోనే సరిపెట్టుకుంటాయి, సొంతంగా చేసుకోవడం తక్కువ. క్యాన్సర్ కణాలు అలా కావు. ఫిలడెల్ఫియాలో గ్రేస్ మెడీస్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు కణితి ముక్కలు స్వయంగా కొవ్వు తయారుచేసుకోగలవని 1953లోనే చూపించారు. క్యాన్సర్ కణాలు చక్కెరను వాడుకునే తీరు మీద ఓటో వార్‌బుర్గ్ అనే శాస్త్రవేత్త చేసిన పని ప్రతి పాఠ్యపుస్తకంలోకీ ఎక్కింది. మెడీస్ పేరు ఎక్కడోగాని వినపడదు. ఆ తర్వాత 1994లో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఫ్రాన్సిస్ కుహాజ్డా బృందం, చెడు రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనిపిస్తున్న ఒక గుర్తుతెలియని ప్రోటీన్ ఏమిటా అని ఆరా తీసింది. అది కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఎంజైమ్, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అని తేలింది. దీన్ని పొట్టిగా ఫ్యాస్న్ అంటారు. చక్కెర నుంచి వచ్చిన రెండేసి కార్బన్ల ముక్కలను ఒకదాని వెనక ఒకటి అతికించి 16 కార్బన్ల గొలుసు చేస్తుంది. ఆ గొలుసే పామిటిక్ ఆమ్లం. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక 2021లో వచ్చిన పరిశోధన దగ్గరికి వద్దాం. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో రాకేశ్ జైన్ ప్రయోగశాల ఉంది. ఆయన కాన్పూర్ ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, కణితుల రక్తనాళాల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. ఆ ప్రయోగశాలలో జీనో ఫెరారో, ఎమ్‌ఐటీలో మాథ్యూ వాండర్ హైడెన్ బృందంతో కలిసి చాలా సూటి ప్రశ్న ఒకటి వేసుకున్నారు. ఒకే రకం హెర్ 2 పాజిటివ్ కణాలను కొన్ని ఎలుకల్లో రొమ్ము దగ్గర, మరికొన్నిటిలో మెదడులో పెంచితే వాటి లోపలి రసాయనం ఒకేలా ఉంటుందా?

ఒకేలా లేదు. మెదడులో ఉన్న గడ్డలు కొవ్వు తయారీని బాగా పెంచేశాయి. కారణం కోసం చూస్తే, ఆ కణాలకు అందుబాటులో ఉన్న కొవ్వు మెదడులో మిగతా చోట్ల కంటే తక్కువగా ఉంది. కొనుక్కోవడానికి దొరక్క సొంతంగా చేసుకుంటున్నాయి. తర్వాత ఆ కణాల్లో ఫ్యాస్న్ జన్యువును పనిచేయకుండా చేశారు. మెదడులో గడ్డ ఎదుగుదల తగ్గింది. రొమ్ము దగ్గర ఉన్న గడ్డకు ఆ దెబ్బ అంతగా తగల్లేదు, దానికి బయటి కొవ్వు ఉంది కాబట్టి. మందుతో ఆ ఎంజైమును అడ్డుకున్నప్పుడు కూడా మెదడు గడ్డ మందగించింది.

నా దృష్టిలో ఈ పరిశోధన విలువ ఎంజైము పేరులో లేదు. క్యాన్సర్ మందులను ఇప్పటిదాకా కణంలో వచ్చిన మార్పును చూసి ఎంచుకుంటున్నాం. ఈ ప్రయోగంలో జన్యువులు అవే, కణాలు అవే, ఉన్న చోటు ఒక్కటే మారింది. చోటు మారేసరికి కణానికి కొత్త బలహీనత వచ్చింది. రొమ్ము గడ్డ మీద పరీక్షించి పనికిరాదని పక్కన పెట్టిన మందు మెదడు గడ్డ మీద పనిచేయవచ్చు. అలా పక్కన పడేసినవి ఎన్ని ఉన్నాయో ఎవరైనా వెనక్కి వెళ్లి వెతకాలి.

బోస్టన్ వాళ్లకు ఏడాది ముందే, 2020లో, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో షిన్ జిన్, టాడ్ గోలబ్ బృందం వేరే దారిలో ఇదే చోటికి వచ్చింది. 21 రకాల క్యాన్సర్లకు చెందిన 500 కణజాతులకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు తగిలించి, ఎలుకల్లోకి ఎక్కించి, ఏది ఏ అవయవానికి చేరుతోందో పటం గీశారు. మెదడు దారి పట్టే రొమ్ము క్యాన్సర్ కణాల్లో కొవ్వు వ్యవహారం మారి ఉందని అందులో బయటపడింది. దాన్ని చెడగొడితే మెదడులో గడ్డలు తగ్గాయి.

ఇక్కడితో ఆగితే కథ శుభ్రంగా ఉండేది. కాని మెదడులో క్యాన్సర్ కణం ఒంటరిగా ఉండదు. అక్కడ ఆస్ట్రోసైట్లు అని నక్షత్రం ఆకారంలో ఉండే కణాలున్నాయి. నాడీకణాలకు తిండి, రక్షణ చూసుకోవడం వాటి పని. కొత్తగా వచ్చిన క్యాన్సర్ కణాలను ఇవి మొదట్లో చంపడానికి చూస్తాయి. బతికి బట్టకట్టిన వాటికి మాత్రం ఆసరాగా మారిపోతాయి. 2019లో ఫిలడెల్ఫియా విస్టార్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు, ఆస్ట్రోసైట్లు విడుదల చేసే కొన్ని కొవ్వు ఆమ్లాలు క్యాన్సర్ కణంలో పీపీఏఆర్ గామా అనే మీటను నొక్కి దాన్ని పెంచుతున్నాయని చెప్పారు. అంటే పొర కట్టుకోవడానికి సరిపడా కొవ్వు లేకపోయినా, సంకేతంగా పనిచేసేంత కొవ్వు పక్కింటి నుంచే అందుతోంది. అంతకుముందు 2014లో డాలస్‌లో మనుషుల్లోనే ఒక పరీక్ష చేశారు. మెదడు గడ్డ తీయించుకోబోతున్న రోగులకు, గుర్తు పెట్టిన ఎసిటేట్‌ను ఆపరేషన్ సమయంలో ఎక్కించి, తీసిన గడ్డలో అది ఏమైందో చూశారు. మెదడులో పుట్టిన గడ్డలూ, వేరే చోటు నుంచి పాకిన గడ్డలూ రెండూ దాన్ని శక్తి కోసం మండించుకున్నాయి. ఎసిటేట్ అంటే రెండు కార్బన్ల ముక్క. కొవ్వు కట్టడానికి వాడేదీ, కొవ్వు విరిగినప్పుడు వచ్చేదీ అదే కొలత ముక్క.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది నిద్రపోయే కణాల సంగతి. చికిత్స అయిపోయిన అయిదేళ్లకో పదేళ్లకో మెదడులో జబ్బు తిరగబెట్టిన మనుషులు మనకు తెలుసు. ఇన్నేళ్లూ ఆ కణాలు ఎక్కడున్నాయి? మెదడులోనే, పెరగకుండా, చావకుండా నక్కి ఉన్నాయి. వాటికి పొరలు కట్టే పని లేదు కాబట్టి కొవ్వు తయారీ కూడా అంతగా అక్కర్లేదు. ప్రాణం నిలబెట్టుకుంటే చాలు. టెక్సస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రంలో శ్రీనివాస్ మల్లాది ప్రయోగశాల ఈ కణాల వెంట పడింది. వాళ్లు 2023లో ప్రచురించిన దాని ప్రకారం, నిద్రలో ఉన్న కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా చిన్న చిన్న తునకలుగా విడిపోయి ఉంటుంది. ఆ తునకలు కొవ్వును మండించి శక్తి తీస్తాయి. మైటోకాండ్రియాను తునకలు చేసే ప్రోటీన్ పేరు డీఆర్‌పీ1. దాన్ని తీసేస్తే కొవ్వు మండక, కణం లోపల బొట్లుబొట్లుగా పేరుకుపోతుంది. ఎలుకల్లో మెదడుకు పాకడం తగ్గింది. మెదడులోకి వెళ్లగల మందుతో డీఆర్‌పీ1ను అడ్డుకున్నా అదే ఫలితం.

పెరిగే కణం కొవ్వు తయారు చేస్తోంది. నిద్రపోయే కణం కొవ్వు మండిస్తోంది. ఒకే జబ్బు, ఒకే మెదడు, కొవ్వుతో రెండు వ్యతిరేకమైన పనులు. తయారీని ఆపే మందు రెండోదాన్ని ఏమీ చేయకపోవచ్చు. మండించడాన్ని ఆపే మందును మొదటిది లెక్కచేయకపోవచ్చు. కొవ్వు ఆపితే క్యాన్సర్ ఆగుతుంది అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ల మాట నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

ఆ మాట చెప్పేవాళ్లు ఈమధ్య చాలామంది అయ్యారు. నూనె మానేయమని ఒక వీడియో, నెయ్యి తప్ప ఏదీ తినొద్దని ఇంకో వీడియో. వీటికి దొరికిన ఆధారం 2017లో బార్సిలోనా నుంచి వచ్చిన పరిశోధన. సాల్వదోర్ అజ్నార్ బెనితా బృందం మనుషుల నోటి క్యాన్సర్ కణాలను ఎలుకల్లో పెంచారు. కొవ్వును లోపలికి లాగే సీడీ36 అనే ప్రోటీన్ ఎక్కువున్న కణాలే వేరే చోట్లకు పాకుతున్నాయని గమనించారు. కొవ్వు ఎక్కువ తిన్న ఎలుకల్లో అది ఇంకా పెరిగింది. 2021లో అదే బృందం, పామిటిక్ ఆమ్లం తిన్న జ్ఞాపకం ఆ కణాల్లో మిగిలిపోతోందనీ, ఓలియిక్ ఆమ్లం అనే ఇంకో కొవ్వు ఆమ్లం అలా చేయడం లేదనీ చెప్పింది. పామాయిల్‌లో నూటికి 40కి పైగా పామిటిక్ ఆమ్లమే. దేశంలో ఆయిల్‌పామ్ గెలలు అందరికంటే ఎక్కువ పండిస్తున్నది ఆంధ్రప్రదేశ్, తర్వాత తెలంగాణ. గుట్కా, జర్దా, ఉత్తరాంధ్రలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ, వీటి వల్ల నోటి క్యాన్సర్లకు మన దగ్గర లోటు లేదు. కాబట్టి ఈ పరిశోధన మన చెవిన పడాల్సిందే. కానీ అది ఎలుకల్లో జరిగింది. అందులో క్యాన్సర్ ముఖ్యంగా లింఫు గ్రంథులకూ ఊపిరితిత్తులకూ పాకింది, మెదడుకు కాదు. మెదడులో ఉన్న కణానికైతే మనం తిన్న పామాయిల్‌తో పెద్దగా నిమిత్తం లేదు. ఇందాక గుర్తుంచుకోమన్న పేరు ఇక్కడికి వచ్చింది: ఫ్యాస్న్ తయారుచేసేది ఆ పామిటిక్ ఆమ్లాన్నే. రోగి నోరు కట్టుకున్నా కణం తన వంట తాను వండుకుంటుంది. కీమో తీసుకుంటూ బరువు తగ్గిపోతున్న మనిషికి పప్పులో నెయ్యి కూడా వేయకుండా ఆపడం వల్ల తగ్గేది ఆ మనిషి ఒంట్లో శక్తే.

మాత్రల విషయంలో కూడా ఇలాంటి తొందరే ఉంది. బరువు తగ్గడానికి వాడే ఆర్లిస్టాట్ ప్రయోగశాలలో ఫ్యాస్న్‌ను ఆపుతుందని 2004లో తేలింది. మందుల షాపులో దొరికేదే కదా అని ఆశపడినవాళ్లున్నారు. ఆ మాత్ర పనిచేసేది పేగులో. రక్తంలోకి వెళ్లేది అతి స్వల్పం, ఇక మెదడు దాకా ఏం వెళ్తుంది? ఫ్యాస్న్ కోసమే తయారుచేసిన డెనిఫాన్‌స్టాట్ వంటి మందులు మనుషుల్లో పరీక్షలకు వచ్చాయి. మెదడుకు పాకిన రొమ్ము క్యాన్సర్‌కు వాటిలో ఏదీ ఇంకా చికిత్సగా రాలేదు. డీఆర్‌పీ1 సంగతి ఎలుకల దగ్గరే ఉంది.

ఈలోగా చేతిలో ఉన్నది, జబ్బును త్వరగా పట్టుకోవడం. రొమ్ము క్యాన్సర్‌లో ఏ ఇబ్బందీ లేనివాళ్లందరికీ మెదడు ఎమ్మారై తీసే ఆనవాయితీ లేదు. అందుకని ఇంట్లోవాళ్ల కన్నే ముందు పనిచేయాలి. రొమ్ము క్యాన్సర్‌కో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కో చికిత్స చేయించుకున్న మనిషికి పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతి వస్తున్నా, మాట తడబడుతున్నా, ఒకవైపు చెయ్యి కాలు బలహీనపడినా, నడకలో తూలుతున్నా, మొదటిసారి ఫిట్స్ వచ్చినా, మనిషి తీరు ఉన్నట్టుండి మారినా, పైత్యమనో గ్యాస్ అనో నీరసమనో వారం పది రోజులు చూడకండి. వెళ్లిన డాక్టరు కొత్తవారైతే పాత క్యాన్సర్ సంగతి ముందే చెప్పండి, అయిదేళ్లు దాటిపోయినా సరే. గడ్డలు చిన్నవిగా, కొద్దిగా ఉన్నప్పుడు కనిపిస్తే మెదడంతటికీ కరెంటు పెట్టక్కర్లేకుండా, గడ్డ ఉన్న చోటికే గురిపెట్టి రేడియేషన్ ఇవ్వవచ్చు. అది ఒక్క పూటలోనో కొద్ది రోజుల్లోనో అయిపోతుంది.